పదో తరగతి దాకా తెలుగు

తొంభైల నాటి హనుమకొండలో ట్యూషన్ అంటే లెక్కలు, సైన్సు, ఆ తర్వాత ఇంగ్లీషు. తెలుగుకు కూడా ట్యూషన్ ఏమిటని మా ఇంటి ఓనరమ్మ చాలాకాలం ఆశ్చర్యపోయింది. నేనప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. నయీంనగర్‌లో ఒక పాత పెంకుటింటి ముందు గది అద్దెకు తీసుకొని ఉండేదాన్ని. ఆ గది అద్దె, మెస్సు బిల్లు, పుస్తకాల ఖర్చు అన్నీ తెలుగు ట్యూషన్ డబ్బులతోనే గడిచాయి.

ఇంగ్లీషు మీడియం బళ్ళు వీధికొకటి చొప్పున మొదలవుతున్న రోజులవి. క్వార్టర్లీ పరీక్షల మార్కులు రాగానే తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చేవాళ్ళు. "అన్నిట్ల మంచిగనే వస్తున్నయమ్మా, తెలుగుల్నే దెబ్బతింటున్నడు" అనేది అందరి మాటా. ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడే పిల్లలు తెలుగు పద్యం ముందు పెడితే బిగుసుకుపోయేవాళ్ళు. వాచకంలో గద్యపాఠం ఎలాగో లాక్కొచ్చేవాళ్ళు. పద్యం దగ్గర మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, పాదం చివరికొచ్చేసరికి మొదలేమిటో మరిచిపోయేవాళ్ళు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వీళ్ళు.

వాళ్ళందరి దగ్గరా గైడు ఉండేది. పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం అందులో సిద్ధంగా ఉంటాయి. మార్కులు ఖాయం కాబట్టి ఆ జాబితా మొత్తం బట్టీ పట్టేవాళ్ళు. ఏ మాటకు ఏ అర్థమో చెప్పగలరు, ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పలేరు. నాకు అది చూస్తే బాధగా ఉండేది. ఎందుకంటే వీళ్ళలో చాలామంది ఇంటర్‌కు వెళ్ళగానే రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారని నాకు తెలుసు. మార్కులు బాగా పడతాయని కాలేజీలే అటు నడిపిస్తాయి. సంస్కృతం మీద నాకు కోపం లేదు, పోతన పద్యంలో సగం సంస్కృతమే. కానీ ఆ పిల్లలకు సంస్కృతం కూడా రాదు, ప్రశ్నలకు జవాబులు వస్తాయి, అంతే. అంటే తెలుగు కవిత్వంతో వాళ్ళకు మిగిలిన బంధం ఈ ఒకటి రెండేళ్ళే. ఆ కాస్త సమయంలో ఒక ఐదారు పద్యాలైనా వాళ్ళ నోట్లో నిలిచిపోవాలని నా పట్టుదల. మార్కులు ఎలాగూ వస్తాయి, వాటి గురించి నాకు పెద్ద టెన్షన్ ఉండేది కాదు.

అందుకని గైడు పక్కన పెట్టించేదాన్ని. ముందు పద్యం నేను చదువుతాను, వాళ్ళు పుస్తకం మూసి వింటారు. తర్వాత పాదం పాదం నాతో పాటు అంటారు. నోరు తిరిగాక పదాలు విడగొడతాం. అప్పుడు క్రియ ఎక్కడుందో వెతుకుతాం. క్రియ దొరికితే ఎవరు, ఎవరిని, ఎందుకు అని అడుగుతూ పోతే అన్వయం దానంతటదే వస్తుంది. ప్రతిపదార్థం అన్నిటికన్నా చివర. అప్పటికి అది బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండదు, వాళ్ళే రాసేస్తారు.

సాయంత్రాలు కరెంటు పోవడం మామూలే. లెక్కల ట్యూషన్‌లో కరెంటు పోతే పిల్లలు ఇంటికి పరుగు. నా దగ్గర మాత్రం అప్పుడే అసలు పాఠం. కొవ్వొత్తి కూడా వెలిగించకుండా అరుగు మీద కూర్చుని పద్యాలు అనుకునేవాళ్ళం. చదవడం రాని పిల్లలకు ఆ చీకటి ధైర్యం ఇచ్చేది. పుస్తకం చూసి తడబడే పిల్లవాడే విన్న పద్యాన్ని రెండోసారికి తప్పు లేకుండా చెప్పేవాడు. వాడికి రానిది తెలుగు కాదు, అచ్చు చూసి చదవడం. ఈ తేడా బడిలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

వాచకంలో ఉన్నా లేకున్నా గజేంద్రమోక్షం అందరికీ చెప్పేదాన్ని. మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు, "అక్కా, గిది పరీక్షల వస్తదా?" అని. రాదంటే మొహాలు కాస్త వాడేవి. అయినా "సిరికిం జెప్పడు" దాకా ఓపిక పట్టమనేదాన్ని.

సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింప, డే
పరివారంబును జీర, డభ్రగపతిం బన్నింప, డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు, వివాదప్రోద్ధతశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై.

క్రియలు వెతకమంటే గబగబా పట్టుకునేవాళ్ళు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. లక్ష్మీదేవికి చెప్పడు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. చెవి మీదికి జారిన జుట్టు సర్దుకోడు. లక్ష్మీదేవితో ప్రణయ కలహంలో పట్టుకున్న పైట కొంగు కూడా వదలడు. ఆరు క్రియలు, ఆరూ చేయని పనులే. మరి చేసిన పనేమిటి అని అడిగాను ఒకసారి. ఉరికిండు అన్నారు. ఎక్కడుందో చూపించండి అన్నాను. పద్యమంతా వెతికి, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి "ఉరికిండని యాడలేదు గదక్కా!" అంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవైన తీరు నాకిప్పటికీ గుర్తు. పరుగు అన్న మాట లేకుండానే పోతన పరుగు చూపించాడని ఆమెకు నేను చెప్పలేదు. ఆమే కనిపెట్టింది. ఎం.ఏ.లో నేను చదువుకున్న విమర్శ గ్రంథాలన్నీ ఒక ఎత్తు, ఆ సాయంత్రం ఒక ఎత్తు.

దాని తర్వాతి పద్యం ఇంకా సరదా. "తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్" అని మొదలై, స్వామి వెనకాల లక్ష్మి, ఆమె వెనకాల అంతఃపుర స్త్రీలు, వాళ్ళ వెనకాల గరుత్మంతుడు, పక్కన విల్లు, గద, శంఖం, చక్రం, తర్వాత నారదుడు, విష్వక్సేనుడు, చివరికి వైకుంఠంలో పిల్లాజెల్లా అందరూ బయల్దేరతారు. దీన్ని అరుగు మీద కూర్చుని చెప్తే సరిపోదనిపించి, పిల్లల్ని వాకిట్లో వరసగా నిలబెట్టాను. ఒకడు విష్ణువు, ఒకతె లక్ష్మి, పొడుగ్గా ఉన్నవాడు గరుత్మంతుడు. శంఖం తానంటే తానని ఇద్దరు కొట్లాడుకున్నారు. ఓనరమ్మ మనవరాలు ఐదేళ్ళది, వైకుంఠపురవాసిగా చివర చేరింది. పద్యం గట్టిగా అంటూ ఇంటి చుట్టూ పరుగు. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళు కదలాలి, ఆలస్యం చేస్తే వరస తప్పుతుంది. పద్యం రాకుండా ఆ ఆట ఆడటం కుదరదు. ఆ రోజు అందరికీ వచ్చేసింది.

ఛందస్సు అంటే భయం పోగొట్టడానికి పొట్టిగా పలికే లఘువుకు చిటిక, సాగదీసి పలికే గురువుకు చప్పట్టు పెట్టాను. ఇలాంటి మూడక్షరాల జట్టును గణం అంటారు. "సిరికిం" అంటే చిటిక, చిటిక, చప్పట్టు, అది స గణం. "యమాతారాజభానసలగం" అన్న ఒక్క మాటలో ఎనిమిది గణాలూ దాగున్నాయని చెప్పినప్పుడు మొదట నమ్మలేదు. యమాతా అంటే య గణం, మాతారా మ గణం, తారాజ త గణం, అలా ఒక్కో అక్షరం జరుగుతూ పోవడమే. నమ్మకం కుదిరాక ఊళ్ళో మనుషులందరికీ గణాలు పెట్టడం మొదలైంది. కవిత న గణం, సుజాత జ గణం, శారద భ గణం, రాజన్న త గణం. మల్లేశం మూడూ గురువులే కాబట్టి మ గణం, ఆ పేరున్న పిల్లవాడు దాంతో ఛాతీ విరుచుకొని తిరిగాడు. వరంగల్ య గణం అని తేలింది. బడికి వెళ్ళే దారిలో కనబడిన ప్రతి పేరునూ చిటికెలు, చప్పట్లతో కొలిచేవాళ్ళని వాళ్ళ అమ్మలు చెప్పేవాళ్ళు.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి అదే పాదంలో ఒక నిర్ణీత చోట పొత్తు కుదరడం, మాత్రం అంత తేలిగ్గా రాలేదు. "సిరికిం జెప్పడు" మత్తేభ వృత్తం, అందులో పద్నాలుగో అక్షరం యతిస్థానం. "సిరికిం" లోని సి కి "జేదోయి" లోని జే ఎలా సరిపోతుందని వాదించేవాళ్ళు. చ, జ, శ, ష, స ఒక జట్టు, వాటికి ఒకదానితో ఒకటి మైత్రి ఉంటుంది అంటే వినేవాళ్ళు, కానీ మనసులో ఒప్పుకొనేవాళ్ళు కాదు. నేనూ బలవంతం చేయలేదు. పద్యం పదిసార్లు అంటే ఆ చోట గొంతు దానంతటదే కాస్త ఆగి నొక్కుతుంది, అది వినబడిన పిల్లలకు ఇక వివరించే పని లేదు.

ఒక ఆదివారం అందర్నీ బమ్మెర తీసుకెళ్ళాను. హనుమకొండ నుంచి పాలకుర్తి బస్సు. ఆ రోజుల్లో అదంతా వరంగల్ జిల్లాయే. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు బోర్డులు చదవాలి, లోపలున్నవాళ్ళు సంధి చెప్పాలి. వస్త్రాలయం, విద్యాలయం, రామాలయం అన్నీ సవర్ణదీర్ఘాలే కావడంతో కాసేపటికి విసుగొచ్చింది. పోచమ్మ గుడి రాగానే అత్వసంధి అని నలుగురు ఒకేసారి అరిచారు. కండక్టర్ కూడా తన పేరుకు సంధి చెప్పమని అడిగాడు.

పాలకుర్తి సోమనాథుడి ఊరు. బసవపురాణాన్ని ద్విపదలో, జనం నోట పలికే జానుతెనుగులో రాసిన కవి ఆయన. అక్కణ్ణుంచి బమ్మెర ఎంతో దూరం లేదు. ఇద్దరు మహాకవుల ఊళ్ళు అంత దగ్గరగా ఉన్నాయని మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఈ రెండూ మన జిల్లావే అని చెప్పినప్పుడు వాళ్ళ మొహాల్లో కనబడిన గర్వం ఏ వాచకంతోనూ రాదు. బమ్మెరలో పోతన సమాధి చూశాం. ఆయన సేద్యం చేసిన పొలాలు ఇవేనని ఊరివాళ్ళు చూపించారు. అక్కడ నిలబడి, ఆయన పేర చెప్పుకునే "బాలరసాలసాల" పద్యం చదివాను. కావ్యాన్ని రాజులకు అమ్ముకొని ఆ కూడు తినడం కంటే మంచి కవులు హాలికులైతేనేమి, అడవుల్లో దుంపలు తవ్వుకుంటేనేమి అనే పద్యం. మావాళ్ళలో ఒకడు రైతుబిడ్డ. వాడు చాలాసేపు ఆలోచించి, "రాజుకు ఇయ్యకపోతే మరి పైసలెట్లక్కా? ఎవుసంల ఏమొస్తయి?" అన్నాడు. ఆ ఏడు వాళ్ళింట్లో పత్తి పంట పోయింది. వాడి ప్రశ్నలో పోతనను తక్కువ చేయడం లేదు, కష్టం తెలిసిన మనిషి ఆరా తీయడం ఉంది. సేద్యం చేస్తూ అంత పెద్ద భాగవతం రాయడం ఎంత పనో అప్పటిదాకా నేను కూడా అంత దగ్గరగా ఆలోచించలేదు. తిరుగు ప్రయాణమంతా మేం దాని గురించే మాట్లాడుకున్నాం.

రాతలో ఇంకో చిక్కు ఉండేది. పిల్లలు "వస్తది", "పోయిండు" అని రాసేవాళ్ళు. బడిలో ఎర్రసిరాతో కొట్టేసేవాళ్ళు. కొందరికి దానివల్ల తమ ఇంటి మాట అంటేనే సిగ్గు పట్టుకుంది. జవాబు చెప్పమంటే నోరు విప్పేవాళ్ళు కాదు, తప్పు మాట వస్తుందేమోనని. కవి కాళోజీ మా ఊళ్ళోనే ఉండేవారు, సభల్లో కనబడేవారు. 1992లో పద్మవిభూషణ్ వచ్చాక పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. అంత పెద్దాయన మనలాగే మాట్లాడతాడు, "నా గొడవ" అలాగే రాశాడు, చూడండి అనేదాన్ని. వందేళ్ళ కిందట గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని ఎంత పోరాడారో చెప్పేదాన్ని. నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు చేసి, ఒకవైపు ఇంటి మాట, ఒకవైపు పరీక్ష మాట రాయించాను. రెండూ మనవే, ఏ చోట ఏది వాడాలో తెలిస్తే చాలు. నెల తిరిగేసరికి మాటలు బయటికొచ్చాయి. ఆ పిల్లల వ్యాసాలు అప్పుడు చదవాలి. గైడులో ఎక్కడా లేని వాక్యాలు. సమ్మక్క సారలమ్మ జాతరకు మేడారం ఎడ్లబండి మీద పోయిన సంగతి ఒక పిల్ల రాస్తే, చదువుతుంటే దుమ్ము కళ్ళలో పడినట్టుండేది.

కొత్తవాడ నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. కొత్తవాడ అంటే జంపఖానాల మగ్గాలు. వాళ్ళ నాన్న కూడా మగ్గం నేసేవాడు. అబ్బాయి చాలా నెమ్మది, వెనక వరసలో కూర్చునేవాడు, తెలుగు చదవడం అస్సలు వచ్చేది కాదు. ఒక సాయంత్రం నరసింహ శతకంలోంచి ఒక సీసం చెప్తున్నాను. మన ధర్మపురి శేషప్ప కవిది. ఆ అబ్బాయి నాన్న ఫీజు ఇవ్వడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేను "తల్లిగర్భమునుండి ధనము తేడెవ్వడు" అని పాదం మొదలుపెట్టి, పిల్లలు అంటారని ఆగాను. గుమ్మం దగ్గర్నుంచి వినబడింది:

"వెళ్ళిపోయెడినాడు వెంటరాదు
లక్షాధికారైన లవణమన్నమె గాని
మెరుగు బంగారంబు మింగబోడు…"

రాగం తీసి, ఒక్క మాట తడబడకుండా, సీసం చివర వచ్చే ఎత్తుగీతి దాకా, "భూషణవికాస శ్రీధర్మపురనివాస" దాకా పాడాడు. పిల్లలు చదువు మరిచి చూస్తున్నారు. నేను చదివే తీరు కంటే వంద రెట్లు బాగుంది అది. మీరెక్కడ నేర్చుకున్నారని అడిగితే, "నాకు సదువు రాదు బిడ్డా. మా భజనల పాడుకుంటం. మగ్గం మీద కూసున్నప్పుడు గూడ పాడుకుంట" అన్నాడు. అలాంటివి వందకు పైగా వచ్చట. కొడుక్కి ఆ సంగతే తెలియదు. తెలియదు అనడం సరి కాదేమో. నాన్న పాడటం రోజూ వింటూనే ఉన్నాడు, అది బళ్ళో చెప్పే తెలుగూ ఒకటేనని అనుకోలేదు. ఆ మర్నాటి నుంచి వాడు ముందు వరసకు వచ్చాడు. ఇంట్లో నాన్న పాడిన పద్యాన్ని పుస్తకంలో వెతుక్కుని, వేలు పెట్టి చదవడం నేర్చుకున్నాడు. వచ్చిన పద్యాన్ని చూసి చదవడం కనక తప్పు పోయేది కాదు. చదువు నేర్పిన గురువు వాళ్ళ నాన్నే, నేను పుస్తకం ఇచ్చాను. హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది కదా, శతకాల కోసం వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి గ్రంథాలయం ఎలా వాడుకోవాలో చూపించాను.

మార్చిలో పరీక్షలు అయిపోయేవి. జూన్‌లో వాళ్ళు కాలేజీల్లో, హాస్టళ్ళలో చేరిపోయేవాళ్ళు. నేను అనుకున్నట్టే ఎక్కువమంది సంస్కృతం తీసుకున్నారు. తెలుగే తీసుకుంటానని పట్టుబట్టిన ఒక అమ్మాయిని, ఎంసెట్ రాసేదానివి తెలుగుతో టైమ్ ఎందుకు పాడుచేసుకుంటావని కాలేజీలో కూర్చోబెట్టి నచ్చజెప్పారట. ఆ పిల్ల వచ్చి నాకు చెప్పి ఏడ్చింది. పద్యంలో పరుగు లేదని కనిపెట్టిన పిల్లే ఆమె. ఈ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు భగ్గుమంటుంది. పదిహేనేళ్ళ పిల్ల ఒక కవిని ఇష్టపడటం కూడా పెద్దవాళ్ళకు అడ్డమైందంటే ఏమనాలి?

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, వేరే ఊళ్ళు తిరిగాను, ట్యూషన్లు ఆగిపోయాయి. పెంకుటిల్లు పోయి అక్కడ అపార్ట్‌మెంట్ లేచింది.

2018లో తెలంగాణలో ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు తప్పనిసరి అని చట్టం వచ్చింది, సీబీఎస్ఈ బళ్ళతో సహా. ఆ తర్వాత కొన్నాళ్ళకు కొత్తవాడ అబ్బాయి ఫోన్ చేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. "అక్కా, మా పాపకు తెలుగు పెట్టిండ్రు. పద్యాలంటే భయపడుతున్నది. మీరే చెప్పాలె" అన్నాడు. వాళ్ళ నాన్న ఇంకా మగ్గం దగ్గర కూర్చుంటున్నాడా అని అడిగాను. కళ్ళు కనబడక మానేశాడట, పాట మాత్రం మానలేదట.

అలా మళ్ళీ మొదలైంది, ఈసారి వీడియో కాల్‌లో, ఆదివారం పొద్దున. చప్పట్లు ఫోన్‌లో ఆలస్యంగా వినబడతాయి, అదొక్కటే ఇబ్బంది. ఆ పాపకు సుమతి శతకంతో మొదలుపెట్టి, ఇప్పుడు పోతన భాగవతంలోని వామన చరిత్రకు వచ్చాం. పోయిన వారం "కారే రాజులు రాజ్యముల్ గలుగవే" పద్యం. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు చెప్పినా బలి చక్రవర్తి వెనక్కి తగ్గని చోటు. ఎందరో రాజులు పుట్టారు, రాజ్యాలేలారు, సిరి మూటగట్టుకొని పోయినవాళ్ళెవరు అంటాడు. పాప పద్యం రెండుసార్లు అని, "మా తాత పాడే లక్షాధికారి పద్యం లాగే ఉంది" అంది. నేను సంతోషపడి ఇంకేదో చెప్పబోతుంటే ఆపింది. ఆమె సందేహం వేరే. "రాజ్యం ఆయనొక్కడిదే కాదు కదా. ఇచ్చేసే ముందు ఆ రాజ్యంలో ఉన్నవాళ్ళను అడిగాడా?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వచ్చే ఆదివారం మాట్లాడుకుందామని చెప్పాను. భాగవతం అష్టమ స్కంధం ముందేసుకొని, బలి కథ మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను.